మోస్రాలో బురద బండి

నాకు తెలుగులో ఎం.ఏ. పట్టా ఉన్నది. కనుక బురదకు ఎన్ని పేర్లున్నాయని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలను. అమరకోశంలోని నిషద్వరం, జంబాలం, పంకం, శాదం, కర్దమం అన్నీ ఏకరువు పెట్టి, వాటి పక్కన మన అడుసునూ రొంపినీ చేర్చి, క్లాసులో పిల్లలచేత అప్పజెప్పించిన వాణ్ణి కూడాను. కాని మొన్న వానకాలంలో మోస్రాలో మా బావ పొలం గట్టు మీదినుంచి కాలు జారి మోకాటి లోతు అడుసులో దిగబడినప్పుడు, ఇన్ని పేర్లలో ఒక్కటీ నన్ను పైకి లాగలేదు. లాగింది వేరే. ఆ సంగతే చెబుతాను.

కథ మా అక్క చేసిన ఫోనుతో మొదలయింది.

"తమ్మీ, మీ బావకు బురద పిచ్చి పట్టింది. కొట్టంల ఏందో బండి చేస్తున్నడు. పొద్దున లేస్తే ఇనుము, పండుకునే ముందు ఇనుము. యాసంగి వడ్లమ్మిన పైసలు సగం దానికే పోయినయి. నా మాట ఇంటలేడు. నువ్వు చదువుకున్నోనివి. ఒక్కపారి వచ్చి చెప్పి పో."

మా అక్క నన్ను చదువుకున్నవాడినని మెచ్చుకున్నదంటే చిక్కు పెద్దదే అయివుండాలి. ఆదివారం పొద్దున్నే నిజామాబాదులో వర్ని పోయే బస్సెక్కాను.

జులై నెలలో ఆ దారి చూసి తీరవలసిందే. రోడ్డుకు అటూ ఇటూ నేల కనిపించదు. నీళ్ళు, నీళ్ళలో ఆకాశం, ఆకాశంలో వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు. మధ్య మధ్య ఇనుప చక్రాల ట్రాక్టర్లు బురద చిమ్ముకుంటూ తిరుగుతుంటాయి. వాటి వెనకాలే కొంగలు, పెళ్ళిభోజనానికి వచ్చిన చుట్టాల్లాగా బారులు తీరి ఉంటాయి.

ఈ నీళ్ళకూ ఒక చరిత్ర ఉన్నది. మంజీరానదికి అడ్డంగా అచ్చంపేట దగ్గర 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగరం ఈ ప్రాంతపు జాతకాన్నే మార్చివేసింది. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దరు చీఫ్ ఇంజనీరుగా ఉన్న కాలమది. రెండు లక్షల డెబ్బయి అయిదు వేల ఎకరాలకు నీళ్ళివ్వాలని కట్టారు. ఆ నీటి కబురు విని కోస్తా జిల్లాలనుంచి రైతులు తరలివచ్చారు. భూములు కొన్నారు, గుడిసెలు వేసుకున్నారు. వర్ని, బోధను చుట్టుపక్కల ఈనాటికీ పేరు చివర 'క్యాంపు' అని తోక తగిలించుకున్న ఊళ్ళు వాళ్ళవే. నీళ్ళు పెట్టి పొలాన్ని బురదగా కలియదున్నటాన్ని మా వాళ్ళు 'కరిగెట' అంటారు, క్యాంపుల వాళ్ళు 'దమ్ము' అంటారు. మాట ఏదైనా బురద ఒకటే. బియ్యమూ ఒకటే.

అన్నట్టు, ఆ సాగరానికీ బురద బాధ తప్పలేదు. కట్టినప్పుడు 29.7 టీ.ఎం.సీ.ల నీరు పట్టే జలాశయం, పూడిక చేరి చేరి 17.8 టీ.ఎం.సీ.లకు తగ్గిపోయింది. మంజీర తల్లి నీళ్ళతోబాటు ఒండ్రునూ మోసుకొస్తుంది మరి.

మోస్రా ఒకప్పుడు వర్ని మండలంలోని గ్రామం. ఇప్పుడు తానే ఒక మండలం. బస్సు దిగి మా అక్కవాళ్ళ ఇంటికి నడుస్తుంటేనే వెల్డింగు చప్పుడు చిటపటమని వినిపించింది. దారి అడగనక్కరలేకపోయింది.

ఇంటి పక్కన ఉన్న ఆ కొట్టం మా బావవాళ్ళ నాయన కట్టించింది. ఆయన కాలంలో అక్కడ చెరకు బండ్లు ఉండేవి. బోధను శక్కర్‌నగర్‌లో 1930లలో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీకి ఈ ఊళ్ళనుంచి రాత్రులంతా బండ్లు బారులు కట్టి పోయేవట. ఎడ్లు నడుస్తుంటే మనుషులు చెరకు మీదనే పడుకొని నిద్రపోయేవారట. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కొట్టంలో ఆనాటి గురుతుగా ఒక కర్రచక్రం మాత్రం మిగిలింది. దాని పక్కనే నిలబడి ఉన్నది, మా అక్క కన్నీటికి కారణమైన ఆ వాహనం.

చూడగానే నాకు మిడత గుర్తుకొచ్చింది. నాలుగు చక్రాలు, ఒక్కొక్కటి నా ఛాతీ ఎత్తు, వెడల్పు మాత్రం జానెడు లేదు. వాటి అంచుకు పాత లారీ టైరు కోసి చేసిన రబ్బరు దిమ్మెలు వరసగా బిగించి ఉన్నాయి. నడుమ ఒక పవర్ టిల్లరుకు ఉండే పన్నెండు గుర్రాల డీజిలు ఇంజను. కింద ఏ కాలం నాటిదో ఒక జీపువి రెండు ఇరుసులు. వెనక చిన్న తొట్టి. డ్రైవరు కూర్చునే చోట పైన లావుపాటి గొట్టంతో ఒక కమాను.

"రా బామ్మర్దీ!" అన్నాడు మా బావ, కళ్ళకున్న నల్లద్దాలు నుదుటి మీదికి జరుపుతూ. "అక్క పంపిందా?"

"పంపలేదు, పిలిచింది" అన్నాను.

"రెండూ ఒకటే. మంచిదాయె, కూసో. తిట్టేటందుకు ముందు చూడు."

నేను చూశాను. చూసినకొద్దీ తిట్టవలసిన మాటలు ఒకటొకటే వెనక్కి పోయాయి.

మా బావ చదివింది పదో తరగతి. కాని ఆయన ఆ పూట చెప్పిన పాఠం నేను ఏ కాలేజీలోనూ వినలేదు. బురదలో పోయే బండి చేయాలనుకున్నవాడు ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలట: బండి బురదమీద తేలాలా, లేక అడుగు అందుకోవాలా?

అడుగులేని ఊబి అయితే తేలక తప్పదు. బరువు ఎంత ఎక్కువ జాగా మీద పరుచుకుంటే అంత మంచిది. అమెరికాలో కాలిఫోర్నియా రైతులకు ఇదే చిక్కు వచ్చింది. అక్కడి మెత్తని నేలలో ఆవిరి ట్రాక్టర్లు కూరుకుపోతుంటే, బెంజమిన్ హోల్ట్ అనే ఆయన చక్రాలు తీసివేసి పలకల గొలుసుపట్టా తొడిగి, 1904 నవంబరులో నడిపి చూశాడు. పన్నెండేళ్ళ తరువాత, 1916లో, యుద్ధరంగపు బురదలోకి దిగిన టాంకులు నడిచింది అలాంటి పట్టాల మీదనే. ఈనాడు మన వరికోతల వేళ వచ్చే చైను మిషన్లూ ఆ వంశంలోవే.

"మన పొలం ఊబి గాదు" అన్నాడు బావ. "జానెడు, జానెడున్నర బురద. దాని కింద గట్టి నేల ఉంటది. తాతల కాలంనుంచి దున్ని దున్ని, తొక్కి తొక్కి తయారైన నేల అది. అది ఉండబట్టే నీళ్ళు ఇంకిపోకుండ నిలుస్తయి. మరి తేలుడెందుకు? సన్నటి చక్రం బురదను కోసుకుంట పోయి అడుగును పట్టుకుంటే చాలు. దున్నపోతు గట్లనే నడుస్తది గదా!"

ట్రాక్టరు బరువే రెండు టన్నులు. దానికి ఇనుప చక్రాలు కట్టి మాటిమాటికీ తిప్పితే ఆ గట్టి నేలా చెడుతుంది, గుంటలు పడతాయి, మరుసటేడు ఆ గుంటల్లోనే మళ్ళీ దిగబడుతుంది. అవే చక్రాలతో తారురోడ్డు ఎక్కితే రోడ్డు చిల్లులు పడుతుంది. పోలీసులు జరిమానా వేస్తారు. అందుకే మా బావ ఇనుప పళ్ళకు బదులు రబ్బరు దిమ్మెలు పెట్టాడు. బండి తేలికగా ఉండాలని పన్నెండు గుర్రాలతోనే సరిపెట్టాడు. నడిచే మనిషికన్న వేగం పోదు. మూడు క్వింటాళ్ళకన్న ఎక్కువ మోయదు. ఎరువు బస్తాలూ నారు కట్టలూ గట్టునుంచి మడి నడుమకు చేరిస్తే చాలు, దాని జన్మ తరించినట్టే.

ఇంకొక మర్మం కూడా చెప్పాడు. మామూలు బండికి ఒక చక్రం బురదలో జారి గిరగిరా తిరుగుతుంటే, రెండోది గట్టినేల మీద ఉండి కూడా కదలదు. ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ అనే పళ్ళపెట్టె, ఎటు సులువైతే అటే శక్తిని వదిలేస్తుంది. "కొందరు మనుషులు గూడ గంతే" అన్నాడు బావ. ట్రాక్టరుకైతే దాన్ని బిగించే పెడలు ఉంటుంది. ఇక్కడ వెనక ఇరుసులో ఆ పళ్ళను కదలకుండా వెల్డింగు చేసివేశాడు. రోడ్డు మీద అలా చేస్తే మలుపు తిరగటం కష్టం, టైర్లు అరిగిపోతాయి. బురదలో అయితే చక్రాలు జారుతాయి గనుక చెల్లుతుంది. ఇరుసుల గాలిగొట్టాలు పైకి ఎత్తి కట్టాడు. లేకపోతే నీళ్ళు దూరి, లోపలి నూనె మజ్జిగలా తెల్లబడిపోతుందట.

లోకంలో బురద బండ్లు ఇళ్ళ షెడ్డుల్లో చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అమెరికాలో మనిషెత్తు టైర్లు తగిలించి, వందల గుర్రాల ఇంజన్లు పెట్టి, బురదగుంటల్లో పందేలు వేస్తారు. మన దేశంలోనూ గోవాలో 2014నుంచి వానల్లో అడవి బురదలో జీపుల పోటీలు జరిపారు. అదొక వేడుక, కాదనను. కాని మోస్రాలోని మడికి ప్రేక్షకులు ఉండరు. ఉన్నదల్లా ఎరువు బస్తా, నారు కట్ట, దాన్ని నెత్తిన మోస్తున్న ఒక ఆడమనిషి మెడ.

ఇదంతా విన్నాక నాకొక సందేహం కలిగింది. డ్రైవరు కాళ్ళ దగ్గర క్లచ్చి పెడలు లేదు, బ్రేకు లేదు, ఏదీ లేదు. బదులుగా కుడిచేతి పక్కన మూడు పొడుగాటి పిడులున్నాయి.

"ఇదేమిటి బావా, కాళ్ళకు పనే లేదు?" అన్నాను నవ్వుతూ.

బావ నవ్వలేదు. తలతిప్పి చిప్పింగు సుత్తి అందుకొని, ఇదివరకే శుభ్రం చేసిన అతుకును మళ్ళీ కొట్టసాగాడు.

అప్పుడే ఒక కుర్రవాడు లోపలికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. చేతిలో నట్లూ బోల్టులూ ఉన్న డబ్బా. కుడికాలు నేలమీద ఈడ్చి ఈడ్చి నడుస్తున్నాడు. "నమస్తే సార్" అని, బండి పక్కన ముక్కాలిపీట మీద కూర్చొని పనిలో పడ్డాడు. నేనెరుగుదును అతణ్ణి. రెండేళ్ళ కిందట బావ ట్రాక్టరు నడిపేవాడు. అప్పుడు అతని కాలు బాగానే ఉండేది.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు, బావ చెయ్యి కడుక్కోవటానికి వెళ్ళినప్పుడు, అక్క గొంతు తగ్గించి చెప్పింది. పోయిన వానకాలం ఎరువు ట్రాలీతో ట్రాక్టరు మడిలో దిగబడింది. వెనక చక్రాలు తిరుగుతున్నాయే గాని బండి కదలటం లేదు. గట్టుమీద నిలబడ్డ బావ, అందరూ చేసే పనే చేయమన్నాడు: రెండు వెనక చక్రాలకూ ముందు అడ్డంగా ఒక దుంగ కట్టి గేరు వెయ్యమన్నాడు. దుంగ నేలను పట్టుకున్నది, చక్రాలు ఆగిపోయాయి. ఇంజను బలం ఎటో ఒకవైపు పోవాలి కదా. చక్రం తిరగకపోతే ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరుగుతుంది. ముందుభాగం గుర్రంలా పైకి లేచి వెనక్కి పడింది. రెండు సెకన్లయినా పట్టలేదు. కింద మెత్తటి బురద ఉండబట్టి పిల్లవాడు ప్రాణాలతో బయటపడ్డాడు. తుంటి విరిగింది.

"ఆస్పత్రి ఖర్చంత మీ బావనే పెట్టిండు. ఎవలు గూడ ఒక్క మాట అనలే. అయినా గా దినం సంది రాత్రి నిద్ర పోడు" అన్నది అక్క. "నేననేది ఒక్కటే తమ్మీ. గా ఇనుముకు పెట్టే పైసలు ఆ పిల్లగానికిస్తే అయిపోవునా కాదా?"

అక్క అడిగినదాంట్లో తప్పేమున్నది? నేను మాట్లాడటానికి వచ్చింది కూడా అందుకే. చేతులు తుడుచుకుని కొట్టంలోకి వెళ్ళి, బావ లేని సమయం చూసి, ఆ కుర్రవాణ్ణే సూటిగా అడిగాను.

అతడు కాసేపు బోల్టు తిప్పుతూ ఊరుకున్నాడు. తరువాత అన్నాడు: "పైసలిస్తనన్నడు సార్. నేనే వద్దన్న. పైసలిస్తే ఒక ఏడు తింట. ఆ తర్వాత నన్ను డ్రైవరని ఎవరు పిలుస్తరు? ఈ పిడులు నా చేతికి అందెటట్టు మూడుసార్లు కోసి మళ్ళ అతికిండు పటేలు."

నాకు మాట రాలేదు. నా ఉపన్యాసమంతా అక్కడితో ముగిసింది.

తలమీది కమాను గురించి అప్పుడు అర్థమయింది. స్వీడను దేశంలో కొత్త ట్రాక్టర్లన్నిటికీ ఇలాంటి రక్షణ చట్రం ఉండి తీరాలని 1959లోనే చట్టం చేశారు. ఆ తరువాత అక్కడ ట్రాక్టరు తిరగబడి చనిపోయేవాళ్ళు క్రమంగా దాదాపు లేకుండా పోయారు. చట్రమూ, నడుముకు పట్టీ, రెండూ ఉంటే బండి తిరగబడినా మనిషి నలగడు. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లకు చాలావాటికి ఇప్పటికీ అది లేదు. ఇక దిగబడిన బండికి మందు దుంగ కాదు. ట్రాలీ విప్పాలి. వచ్చిన జాడనే మెల్లగా వెనక్కి రావాలి. రాకపోతే ఇంజను ఆపి, ఇంకొక బండితో దూరంనుంచి లాగించాలి. ఇంతే. ఈ నాలుగు మాటలూ తెలియక ఒక పిల్లవాడి తుంటి విరిగింది.

సాయంత్రం బండిని పొలానికి తీశారు. సొంతంగా చేసుకున్న బండికి రిజిస్ట్రేషను ఉండదు గనుక తారురోడ్డు ఎక్కే హక్కు దానికి లేదు. ఇంటి వెనక దొడ్డిదారిన కాలువ కట్ట మీదుగా పోయింది. వెనకాల ఊరి పిల్లలు, వాళ్ళ వెనక నేను, నా వెనక ముఖం ముడుచుకొని అక్క.

కుర్రవాడు పట్టీ బిగించుకున్నాడు. మూడు బస్తాల ఎరువుతో బండి మడిలోకి దిగింది. సన్నటి చక్రాలు బురదను కోసుకుంటూ మునిగి, అడుగు తగిలి, నడవసాగాయి. ఎంత నెమ్మదిగా పోయిందంటే కొంగలు కూడా లేవలేదు. నడిమడిలో ఒకచోట బండి ఒక పక్కకు ఒరిగి ఆగింది. పాత గుంట ఏదో తగిలింది. బావ ముఖంలో నెత్తురు లేదు. నోరు తెరిచి ఏదో అనబోయి మానుకున్నాడు. కుర్రవాడు చేత్తో క్లచ్చి పిడి లాగాడు, ఒక్క క్షణం ఆగాడు, వెనక గేరు వేసి వచ్చిన జాడనే మూడు బారలు వెనక్కి వచ్చాడు. తరువాత గుంటను తప్పించి పక్కనుంచి పోయాడు.

ఆ సంబరంలో నేను గట్టు అంచుకు అడుగు వేశాను. ఆ పైన జరిగింది మీకు మొదటే చెప్పాను. మోకాళ్ళదాకా దిగబడి, ఒక చెప్పు పాతాళానికి పంపించి నిలబడ్డాను. కుర్రవాడు బండిని దగ్గరకు తెచ్చి, వెనక తొట్టి అంచు పట్టుకొమ్మని చెయ్యి చూపించాడు. పట్టుకున్నాను. మెల్లగా, మర్యాదగా, ఒక కర్దమపండితుణ్ణి ఆ బండి ఒడ్డుకు చేర్చింది.

అంతా బాగున్నదని చెబితే అబద్ధమవుతుంది. తిరిగి వచ్చేసరికి ఇంజను వేడెక్కి పొగలు కక్కింది. ఒక బెల్టు జారిపోతున్నది. ముందు చక్రం బేరింగులోకి బురద పోయింది. ఇవన్నీ సరిచేయాలంటే మళ్ళీ డబ్బు కావాలి. అక్క ఆ లెక్క వెంటనే అడిగింది. బావ వెంటనే చెప్పలేదు. వాళ్ళ తగవు ఇంకా కొన్నాళ్ళు సాగుతుందనే నా అంచనా.

ఇంటి వాకిట్లో అక్క చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసింది. తేలికపడదామని నేను, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు" అన్నాను.

"తొక్కకుంటే అన్నమెక్కడిది తమ్మీ?" అన్నది అక్క.

ఆ సామెతను ఇన్నేళ్ళుగా పిల్లలకు వ్యాఖ్యానిస్తున్నాను. ఆ ప్రశ్న ఏనాడూ నాకు తోచలేదు. తొక్కక తప్పనివాళ్ళ ఇంట అడగవలసింది ఒకటే: తొక్కిన మనిషి క్షేమంగా ఇల్లు చేరుతాడా లేడా?

అక్క రెండో చెంబు నింపి కుర్రవాడి దగ్గరకు నడిచింది. అతడు బండి దిగబోతూ మొహమాటపడి, "నేను కడుక్కుంట అమ్మా" అన్నాడు. ఆమె వినలేదు. ముందు ఎడమకాలు మీద, తరువాత నిదానంగా ఆ కుడికాలు మీద నీళ్ళు పోసింది.